వానాకాలంలో గోదావరి అవతలికి

మా టీములో ఒక గుంటూరు కుర్రాడున్నాడు. 2022 జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నట్టుండి "అన్నా, మీది కరీంనగర్ కదా, ఆదిలాబాద్ మీ పక్కనేగా. వర్షాల్లో ఆ జలపాతాలూ అడవులూ భలే ఉంటాయంట. బైకుల మీద మూడు రోజులు వేసొద్దాం. రూటు నువ్వే చెప్పు" అన్నాడు. "దాందేముంది, చెప్తాలే" అని పెద్ద పోజు కొట్టి, సీటుకొచ్చి మ్యాపు తెరిచాను.

తెరిచాక తెలిసింది, నాకేమీ తెలియదని.

ఉద్యోగం పుణ్యమా అని ఏడాదిన్నర పోర్ట్‌లాండ్‌లో ఉన్నాను. అక్కడ చలికాలమంతా చినుకే. ఆ చినుకులోనే ఆరిగాన్ తీరం వెంబడి పోయే 101 నంబరు రోడ్డు మీద తెగ తిరిగాను, ఏ మలుపు తర్వాత లైట్‌హౌస్ కనపడుతుందో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. కరీంనగర్ నుంచి ఉట్నూరు నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కసారీ వెళ్ళలేదు. బాసరలో నాకు అక్షరాభ్యాసం చేయించారట గానీ, అది నాకే గుర్తులేదు కాబట్టి లెక్కలోకి రాదు.

మా ఇంట్లో "గోదావరి అవతల" అనేది ఒక మాట. ఎవరికైనా పై అధికారితో పడక ట్రాన్స్‌ఫర్ అయితే "గోదావరి అవతలికి ఏశిన్రట" అనుకునేవాళ్ళు. జ్వరం వారం దాటినా తగ్గకపోతే "అవతలికి గిట్ల పోయినవా ఏంది బిడ్డా" అని అడిగేది మా అమ్మమ్మ. అంటే మా దృష్టిలో అది శిక్ష పడితే పోయే చోటు, పోతే జ్వరం తెచ్చుకునే చోటు. ఇంకో విచిత్రం ఏమిటంటే, మా బాపు ఆర్టీసీలో డ్రైవరు. సర్వీసులో సగం ఆ అవతలి రోడ్ల మీదే చేశాడు. వారానికోసారి ఇంటికొచ్చి ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేసేవాడు. అక్కడ ఏముంటుంది, ఎవరుంటారు అని నేను అడిగిన పాపాన పోలేదు. ఎంసెట్ ర్యాంకు, తర్వాత ఉద్యోగం, తర్వాత వీసా... అడగడానికి తీరిక ఏది!

సరే, అప్పటి ప్లాను సంగతి. 2022 జులై 15 శుక్రవారం లీవు పెట్టి పొద్దున్నే బయల్దేరాలి. మాకలవాటైన పద్ధతిలో ఎక్సెల్ షీటు, అందులో గంటల లెక్కన రూటు, పెట్రోలు ఎక్కడ, టిఫిను ఎక్కడ, అంతా పక్కాగా ఉంది. బఫర్ టైం కూడా పెట్టాం, రోజుకి గంట. మొదటి రాత్రి కడెం దగ్గర బస అనుకున్నాం.

13వ తారీఖు బుధవారం టీవీ పెడితే కడెం ప్రాజెక్టే కనిపిస్తోంది. ఉన్న గేట్లు 18. పదిహేడు ఎత్తారు, ఒకటి మొరాయించింది. గేట్లన్నీ ఎత్తితే పోయే నీళ్ళు మూడు లక్షల క్యూసెక్కుల దరిదాపు, పైనుంచి వస్తున్నవి ఐదు లక్షల పైన. కింది ఊళ్ళవాళ్ళని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. కట్ట ఉంటుందా పోతుందా అని జిల్లా అంతా మేలుకుని కూర్చుంది. ఎలాగో నిలిచింది. నేను షీటులో పెట్టుకున్న గంట బఫర్ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ రాత్రి కరీంనగర్‌కి ఫోను చేస్తే బాపు తాపీగా "గది యాభై ఎనిమిదిల ఒకసారి తెగింది గదా" అన్నాడు. నిజమే. 1949లో మొదలుపెట్టిన ఆనకట్ట, ఇంకా కొత్తది అనుకుంటుండగానే 1958 వరదకి కొట్టుకుపోయింది. తర్వాత గేట్లు పెంచి మళ్ళీ కట్టారు. అయినా 2022లో అదే భయం, 2023 జులైలో మళ్ళీ అదే భయం. మన భాషలో చెప్పాలంటే పీక్ లోడ్ అంచనా తప్పింది. మన సర్వరు పడిపోతే కస్టమర్ మెయిల్ రాస్తాడు. అక్కడ ఊళ్ళు పోతాయి.

టూరు ఆగిపోయింది. మావాడు వేరే ఫ్రెండ్స్‌తో గోవా పోయాడు. నాకు మాత్రం ఆ మ్యాపు బుర్రలోంచి పోలేదు. అప్పటినుంచి బాపుని అడగడం మొదలుపెట్టాను, దొరికిన పుస్తకమల్లా చదవడం మొదలుపెట్టాను. రూటు తయారు చేద్దామని మొదలెడితే, ఈ రోడ్లు ఎవరు వేశారు, వాటి మీద ముందు ఎవరు వచ్చారు అన్న చోటికి తేలాను. ఇదంతా ఆ కథే. రూటు వరసలోనే చెప్తాను.

బయల్దేరేది కరీంనగర్ నుంచి. 1905 దాకా జిల్లాకి తలకాయ కరీంనగర్ కాదు, మానేరు ఒడ్డున కోట ఉన్న ఎలగందుల. కాకతీయుల దగ్గర్నుంచి అసఫ్‌జాహీల దాకా అందరూ ఏలిన ఊరు. ఆ ఏడాది నిజాం సర్కారు జిల్లాలు తిరగరాసినప్పుడు కచేరీలు కరీంనగర్ వచ్చేశాయి, ఎలగందుల పల్లెటూరైపోయింది. అదే ఏడాది గోదావరి అవతల, అంతదాకా సిర్పూర్-తాండూరు పేరుతో ఉన్న ప్రాంతం ఆదిలాబాద్ జిల్లా అయింది. అంటే మా రెండు జిల్లాలూ ఒక ఈడువి. 2016లో మళ్ళీ ముక్కలు చేశారు. ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయింది, అందులో ఒకటి కొమురం భీం పేరు మీద ఉంది. ఆ పేరు దగ్గరికి వస్తాను.

కరీంనగర్ దాటితే జగిత్యాల. అక్కడ నక్షత్రం ఆకారంలో కోట, చుట్టూ కందకం. పద్దెనిమిదో శతాబ్దంలో జఫరుద్దౌలా ధంసా కట్టించాడు, ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో. వాళ్ళ పేర్లు జాక్, తాల్ అనీ, అందుకే ఊరికి ఆ పేరనీ చెబుతారు. నాకైతే నమ్మబుద్ధి కాదు. ఇంజనీర్ల పేరు మీద ఊళ్ళుండేంత మంచి రోజులు ఎప్పుడైనా ఉన్నాయా :) ధర్మపురిలో నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని రాయపట్నం దగ్గర గోదావరి దాటితే, ఇంక మనం అవతల ఉన్నట్టే.

ఇక్కడ బాపు నాకు చెప్పిన ట్రైనింగు రాయాలి, వానల్లో ఎవరైనా పోతే పనికొస్తుంది.

ఆయన లెక్క నెలల్లో కాదు, కార్తెల్లో. "పునర్వసు, పుష్యమి... గీ రెండు కార్తెలు ఇంట్లనే కూసో" అన్నాడు. అంటే సుమారు జులై మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా. రెండోది, వాగుని మన నెత్తి మీది ఆకాశం చూసి అంచనా వెయ్యొద్దు. పైన తిర్యాణి గుట్టల్లో వాన పడితే, కింద ఎండ కాస్తుండగానే వాగు వస్తుంది. రంగు మారి, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తుంటే ఇంకా పెరగబోతోందని అర్థం. బస్సైతే ఆపేసి, జనం బీడీలు తాగుతూ తగ్గేదాకా కూర్చునేవారట, ఒక్కోసారి రాత్రంతా. "నడిసి దాటలేని నీళ్ళల్ల బండితోని దిగకు. బండి బరువున్నది గదా అనుకుంటవు, గదే మోసం." మూడోది నల్లరేగడి. తడిసిన రేగడిలో పది గజాలు పోయేసరికి మట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తుంది. కర్రపుల్లతో గీక్కుంటూ కూర్చోవాలి. అందుకని తారు రోడ్డు దిగి ఫోటో కోసం చేలోకి పోకూడదు. నాలుగోది, చీకటి పడేలోపు ఊళ్ళో ఉండాలి. జన్నారం చుట్టుపక్కలంతా 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం, రాత్రి పూట రాకపోకల మీద ఆంక్షలుంటాయి, ముందే కనుక్కోవాలి.

ఆ జన్నారం దగ్గరే కలమడుగు. అక్కడ గోదావరిలో హస్తినమడుగు అని ఒకచోటు. ప్రతి ఏడాదీ పుష్యమాసంలో మెస్రం వంశం గోండులు కేస్లాపూర్ నుంచి నడుచుకుంటూ ఇక్కడికొచ్చి, ఝారీలో గంగాజలం పట్టుకుని, మళ్ళీ నడుచుకుంటూనే వెనక్కి పోతారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్ళతో నాగోబాకి పూజ. చెప్పుల్లేని కాళ్ళు, దారి మధ్యలో ఊరూరా బసలు. ఏ రోజు ఎక్కడ ఆగాలో తరాల కిందటే ఖాయం. పుష్యమాసానికి పంట ఇంటికొచ్చి ఉంటుంది, వాగులు తగ్గి ఉంటాయి. పూజా ముహూర్తం సంగతి నాకు తెలియదు గానీ, ఆ దేశంలో నడవడానికి అంతకంటే మంచి రోజులు లేవని మాత్రం నా షీటు చేసేటప్పుడు అర్థమైంది. ప్లానింగ్ అంటే అదీ, మాది ప్లానింగా!

జన్నారం నుంచి ఉట్నూరు దాకా టేకు అడవి. టేకు గురించి ఒక మాట. మనకి అది అందం, నిజాం సర్కారుకి అది రాబడి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అడవి చుట్టూ హద్దురాళ్ళు పాతుకుంటూ పోయారు. ఇది రిజర్వు, ఇక్కడ పోడు కొట్టకూడదు, పశువుల్ని మేపకూడదు, కట్టె కొట్టకూడదు. గోండులకి చేలున్నాయి గానీ వాటికి కాగితం లేదు. ఒకచోట నాలుగైదేళ్ళు సేద్యం చేసి, ఆ నేలకి విశ్రాంతినిచ్చి పక్కకి పోయి, మళ్ళీ తిరిగొచ్చే పద్ధతి వాళ్ళది. విశ్రాంతిలో ఉన్న చేనుని సర్కారు "ఖాళీ భూమి" అని రాసుకుంది.

సరిగ్గా అదే కాలంలో దారులొచ్చాయి. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం 1929 నాటికి పూర్తయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. మనం తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిద్రపోతూ దాటేసే మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ స్టేషన్లు అప్పటివే. రైలు దిగి, కొత్తగా పడ్డ రోడ్ల వెంబడి రైతులొచ్చారు, షావుకార్లొచ్చారు, మా కరీంనగర్ వైపు నుంచి కూడా వచ్చారు. కచేరీ భాష తెలిసినవాళ్ళు, పట్టా ఎలా చేయించుకోవాలో తెలిసినవాళ్ళు. తాతల నాటి నుంచి దున్నుతున్నవాడు తన చేలోనే కూలీ అయ్యాడు. ఇది ఎవరో ఒక్క దుర్మార్గుడు చేసిన పని కాదు. రోడ్డు, రైలు, కాగితం, ఈ మూడూ ఒకేసారి వచ్చి చేసిన పని. మా ఇంటి ముందుతరం వాళ్ళలో ఎవరైనా అలా పోయారా అని బాపుని అడిగితే, కాసేపు మాట్లాడకుండా ఉండి "పోయినోళ్ళు పోయిన్రు" అన్నాడు.

రెండో రోజు ఉట్నూరు నుంచి జైనూరు, అక్కడినుంచి కెరమెరి ఘాట్. మబ్బులు రోడ్డు మీదే కూర్చుంటాయట ఆగస్టులో. ఆ ఘాట్ చుట్టుపక్కల కొండల్లోనే జోడేఘాట్ ఉంది.

కొమురం భీం కథ మనకి సినిమా వల్ల బాగా తెలుసనుకుంటాం. 2022లోనే వచ్చిన ఆ సినిమాలో ఉన్నది కల్పన, దర్శకుడే చెప్పాడు. అసలు కథ కావాలంటే సాహు, అల్లం రాజయ్య రాసిన నవల చదవండి. నాకు ఆ జీవితంలో గట్టిగా పట్టుకున్నది ఒక చిన్న ముక్క. తండ్రి పోయాక సుర్దాపూర్‌లో కుటుంబం కొట్టుకున్న చేనుని ఒక జమీందారు నాదంటాడు. గొడవలో అతను భీం చేతిలో చస్తాడు. భీం పారిపోతాడు. చాందా మీదుగా, చివరికి అస్సాం. అక్కడ తేయాకు తోటల్లో కొన్నేళ్ళు కూలి పని చేశాడని చెబుతారు. తెలియని భాష, ఆగని వాన, కూలి తప్ప వేరే పేరు లేని బతుకు. తెలియని వాన దేశానికి ప్లానింగ్ లేకుండా పోవడమంటే అది. అక్కడే కూలీల పోరాటాలు చూశాడు, నాలుగు అక్షరాలు నేర్చాడు అంటారు.

తిరిగొచ్చాక బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్ళ గోండులు, కోలాములు అడవి నరికి సేద్యం మొదలుపెట్టారు. అటవీశాఖ వాళ్ళొచ్చి గుడిసెలు తగలబెట్టారు. భీం హైదరాబాద్ దాకా వచ్చి అర్జీ పెట్టుకున్నాడు. పని కాలేదు. 1940లో పోలీసులు జోడేఘాట్ కొండెక్కారు. కాల్పుల్లో భీం, అతనితో ఉన్నవాళ్ళు కొందరు చనిపోయారు. ఏ తారీఖున అన్నదానికి పుస్తకానికొక జవాబు ఉంది, సెప్టెంబర్ అని ఒకరు, అక్టోబర్ అని ఇంకొకరు. గోండులకి ఆ గందరగోళం లేదు. ఆశ్వయుజ పౌర్ణమి, అంతే. ఏటా ఆ రోజే వర్ధంతి. వానలు వెనకపడి, కొండ దారులు ఆరి, వెన్నెల బాగా ఉండే రోజు. ఇప్పుడక్కడ స్మారకం, మ్యూజియం, విగ్రహం ఉన్నాయి. వాటితోపాటు రోడ్డూ వచ్చింది. బతికుండగా అర్జీకి దొరకని దారి, చచ్చాక విగ్రహానికి దొరికింది.

కాల్పులైతే జరిపారు గానీ, ఆ తర్వాత నిజాం సర్కారుకి ఒక ప్రశ్న మిగిలింది. వీళ్ళు ఎందుకు తిరగబడ్డారు? కనుక్కోవడానికి వాళ్ళకి దొరికిన మనిషి ఎవరయ్యా అంటే, వియన్నాలో పుట్టిన ముప్పై ఏళ్ళ మానవ శాస్త్రవేత్త, క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. ఈయన అంతకుముందు, 1936-37లో, అస్సాం కొండల్లో కొన్యాక్ నాగాల మధ్య ఉండి వచ్చాడు. భీం కూలి చేసిన అస్సాం, హైమన్‌డార్ఫ్ పాఠం నేర్చుకున్న అస్సాం! ఇద్దరూ ఆ వానలు చూసే ఆదిలాబాద్ కొండలకి చేరారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. ఒకరు పోయాక, పోయినందువల్లే, ఇంకొకరు వచ్చారు.

ఆయన స్వేచ్ఛగా వచ్చాడని కూడా అనలేం. ప్రపంచయుద్ధం రోజులు, చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, అంటే బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి లేదు. ఆ నిర్బంధాన్నే పనిగా మార్చుకున్నాడు. ముందు చెంచులు, తర్వాత కొండరెడ్లు, తర్వాత గోండులు. భార్య బెట్టీతో కలిసి జైనూరు దగ్గరి మార్లవాయిలో మకాం పెట్టాడు, వాళ్ళ మధ్యే, వాళ్ళలాంటి ఇంట్లోనే. మన వీసా కష్టాలు, లాక్‌డౌన్ కష్టాలు తలుచుకున్నప్పుడల్లా నాకీయన గుర్తొస్తాడు. ఊరు దాటొద్దంటే ఆయన పుస్తకాలు రాశాడు, మనం వెబ్ సిరీసులు చూశాం.

మార్లవాయిలో 1943లో గోండు టీచర్లకి శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారు చేశారు. లిపి ఏది? గోండీకి లిపి లేదనుకుని దేవనాగరి వాడారు. మనలాంటివాళ్ళకి నచ్చే ముక్క ఇక్కడుంది. ఆ మార్లవాయికి ఎంతో దూరం లేదు, నార్నూరు మండలంలో గుంజాల అనే ఊరు. గోండీకి సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులు అక్కడ ఇళ్ళల్లో ఉన్నాయి. బయటి లోకం వాటిని పట్టించుకున్నది ఈ శతాబ్దంలో. 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో ఆ లిపి "గుంజాల గోండి" పేరుతోనే చేరింది. మనం ఒకప్పుడు తెలుగు ఫాంట్లు విరిగిపోతున్నాయని గోల పెట్టాం. ఒక పల్లె పేరు యూనికోడ్ పట్టికలో ఉండటం మాత్రం మామూలు విషయం కాదు. రెండో రోజు మధ్యాహ్నం గుంజాల కోసం రెండు గంటలు కేటాయించాను.

హైమన్‌డార్ఫ్ రిపోర్టుల వల్ల వేలమంది గోండులకి పట్టాలు దొరికాయి. ఆదివాసీ ప్రాంతాలకి విడిగా ఒక చట్టం వచ్చింది, 1356 ఫసలీలో, అంటే 1946 ప్రాంతంలో. కేస్లాపూర్ జాతరలోనే అధికారులు కూర్చుని ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆ దశకంలో మొదలైందే, నేటికీ జరుగుతోంది. అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. సర్కారుకి కావలసింది ప్రశాంతత, ఆయనకి కావలసింది న్యాయం. కొన్నాళ్ళు రెండూ ఒకే రోడ్డు మీద నడిచాయి, అంతే. ఆయనే 1970ల చివర్లో మళ్ళీ ఈ ఊళ్ళు తిరిగి, ఇప్పించిన భూములు చాలాచోట్ల మళ్ళీ చేతులు మారాయని చూసి, 1982లో ఒక పుస్తకంలో బాధగా రాశాడు. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదలాయించకూడదన్న 1970 నాటి చట్టం, అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది, అప్పటికి కాగితం మీద ఉంది.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోయింది. సమాధి మార్లవాయిలో. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. ఆయన అస్థికలు కూడా చాలా ఏళ్ళ తర్వాత తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. అదే ఊరివాడు కనక రాజు, దీపావళికి దండారిలో ఆడే గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024 అక్టోబర్‌లో పోయాడు. ఇంత చరిత్ర ఉన్న ఊరు నా మొదటి షీటులో లేదు. పక్కనుంచే పోతాం, "ఘాట్ రోడ్డు, డ్రోన్ షాట్" అని మాత్రం రాసుకున్నాను.

మూడో రోజు ఇంద్రవెల్లి మీదుగా గుడిహత్నూరు, అక్కడ 44వ నంబరు హైవే. పాతవాళ్ళకి 7వ నంబరు. ఇంద్రవెల్లిలో ఊరి పక్కనే ఒక స్తూపం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది, భూముల గురించే. అనుమతి రద్దు చేశారు. ఆ కబురు అందనివాళ్ళు కొండల నుంచి వస్తూనే ఉన్నారు, సంతకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. 1940కీ 1981కీ మధ్య రాజ్యం మారింది, భాష మారింది, జెండా మారింది. అడిగినవాళ్ళు వాళ్ళే, అడిగింది ఆ చేనే. తర్వాత దశాబ్దాల పాటు ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా ఆంక్షలు పెట్టేవారు. ఆ తర్వాత చాన్నాళ్ళు సోమవారం ఇంద్రవెల్లి మీదుగా బస్సు నడపాలంటే తనకే ఏదోలా ఉండేదని బాపు చెప్పాడు. నలభై ఏళ్ళలో ఇంట్లో ఈ మాట ఎప్పుడూ రాలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

హైవే ఎక్కాక నేరడిగొండ దగ్గర కుంటాల, కొంచెం ముందుకి పొచ్చెర. కుంటాల కడెం నది మీదే, నూటయాభై అడుగులకు కాస్త తక్కువ. టీవీలో మమ్మల్ని ఆపిన నీళ్ళు ఆ రాళ్ళ మీంచి దిగొచ్చినవే. బండల మీద నాచు ఉంటుంది. సెల్ఫీ కోసం దిగి జారిపోయినవాళ్ళు చాలామంది, మీరు మెట్ల దగ్గరే ఆగండి. తర్వాత నిర్మల్, అక్కడ 1860లో రాంజీ గోండునీ అతని మనుషుల్నీ ఉరి తీసిన చోటు, "వెయ్యి ఉరుల మర్రి" అని జనం చెప్పుకునేది. కొయ్యబొమ్మలు కొనుక్కుని సోన్ దగ్గర గోదావరి దాటితే, ఇవతలికొచ్చేసినట్టే.

ఇంక ఒక సంగతి నన్ను బాగా తొలిచింది. బైకు టూర్ల వీడియోల్లో వాగు దాటడమే పెద్ద సీను కదా, సంగీతం పెట్టి మరీ. ఈ కొండల్లో అదే వాగు ఉప్పొంగిన రోజు నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద మోసుకుంటూ దాటిస్తారు, లేదా దాటించలేక ఒడ్డునే కూర్చుంటారు. ప్రతి వానాకాలం జిల్లా పేపర్లో ఇది ఒక చిన్న వార్త. వంతెన అడుగుతూ అర్జీ పెట్టుకునేవాళ్ళ ముందునుంచి మనం నీళ్ళు చిమ్ముకుంటూ పోయి వీడియో తీసుకోవడం... రోడ్డు వస్తే భూమి పోయింది, రోడ్డు లేకపోతే ప్రాణం పోతోంది. ఏది కావాలని నేను ఇక్కడ ఏసీలో కూర్చుని చెప్పలేను. వాగు దాటే సీను మాత్రం ప్లానులోంచి తీసేశాను.

మిగతా ప్లాను ఇదీ. ఈసారి ఉత్తర కార్తెలో, సెప్టెంబర్ రెండో సగంలో. జలపాతాల్లో నీళ్ళుంటాయి, వాగులు దారికొస్తాయి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత, అప్పటికీ వాన లేకపోతే ఊరొదిలి పొమ్మని. మేం ఉత్తర చూసి బండి ఎత్తుతున్నాం. రెండు బైకులు, నాది పాత పల్సరే. రోజుకి నూటయాభై కిలోమీటర్లు దాటం. బఫర్ గంట కాదు, ఒక పూర్తి రోజు. వాగు వస్తే ఉన్న ఊళ్ళోనే ఉండిపోతాం. డబ్బులు నోట్లలో, ఎందుకంటే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. క్లచ్ వైరు, ట్యూబు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమల మందు. డ్రోన్ ఇంట్లోనే. మార్లవాయిలో, జోడేఘాట్‌లో ఊరి పటేల్‌ని అడగనిదే ఫోటో తీయం. గుంటూరు కుర్రాడు అన్నింటికీ సరేనన్నాడు, డ్రోన్ దగ్గర మాత్రం రెండు రోజులు అలిగాడు.

నిన్న ఇదంతా బాపుకి ఫోన్లో చదివి వినిపించాను. మొత్తం విని "జన్నారం నుంచి ఉట్నూరు రెండు గంటలు రాసినవ్ గదా, మూడు రాయి" అన్నాడు. దిద్దుకున్నాను. తర్వాత కొంచెంసేపాగి, "నేను బస్సుల జన్నారం దాక వస్త. ఆడ కలుసుకుందాం. ఎనక కూసుంట, మెల్లగ నడుపు" అన్నాడు. డెబ్బై మూడేళ్ళాయనకి. అమ్మ వెనకనుంచి ఏదో అరుస్తోంది, సరిగ్గా వినపడలేదు. ఇప్పుడు షీటులో మూడో హెల్మెట్ అని ఒక వరస కొత్తగా చేరింది.